ఇంటిపేరు మారిన నత్త

విల్లియనూరు పక్కన శంకరాపరణి నది, చేరువలోనే ఊసుడు చెరువు. దక్షిణాదిలో ఇలాంటి నీళ్లలో బొటనవేలంత నత్త ఒకటి మామూలుగా కనిపిస్తుంది. పచ్చని గుల్ల చుట్టూ ముదురు చారలు, నోటికి పలుచని మూత. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.

1822లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ దీన్ని పాలుడినా బెంగాలెన్సిస్ అన్నారు. చూపు పోయిన ఆ రోజుల్లో ఆయన చెబుతుంటే కూతురు రాసిపెట్టేది. ఎంతటి పట్టుదల!

శాస్త్రీయనామం మన పేర్లలాంటిదే. ముందు ఇంటిపేరు, అంటే ప్రజాతి. తర్వాత సొంతపేరు, అంటే జాతి. ఈ నత్త ఇంటిపేరు పాలుడినా నుంచి వివిపారస్‌కూ, బెల్లామియాకూ మారింది. బెల్లామియా అసలు ఆఫ్రికా నత్తల ప్రజాతి. డీఎన్‌ఏ పోల్చి చూస్తే ఆసియా నత్తలు వేరే శాఖ అని తేలింది. అందుకే ఇప్పుడు ఫిలోపాలుడినా బెంగాలెన్సిస్ అంటున్నారు.

సొంతపేరు మాత్రం చెక్కుచెదరలేదు. మొదట పెట్టినవారికే ఆ గౌరవం. ప్రజాతి మారిన గుర్తుగా లామార్క్ పేరునూ, 1822నూ కుండలీకరణాల్లో రాస్తారు.

మీ పిల్లల జంతుశాస్త్ర పుస్తకంలో బెల్లామియా బెంగాలెన్సిస్ అని కనిపిస్తే, అది ఈ నత్తేనని చెప్పండి.