గుహ కథ, బాయి కథ



గ్రీకు తత్వవేత్త ప్లేటో చెప్పిన గుహ కథ మీలో కొందరు వినే ఉంటరు. చిన్నప్పటిసంది సంకెళ్లతో గోడకు మొగం పెట్టి కూసున్న మనుషులు. వెనక మంట, ఎదురుగోడ మీద నీడలు. ఆ నీడలే లోకమనుకుంటరు. ఒకడు బయటపడి సూర్యుణ్ణి చూసి మళ్ల లోపలికొస్తే, చీకట్ల తడుముకుంటుంటే, మిగతావాళ్లు నవ్వుతరు.

ఈ ముచ్చట యూనివర్సిటీల చెప్తే పిల్లలు నోట్సు రాసుకుంటరు. బొగ్గుబాయిల ఊరు బెల్లంపల్లిల చెప్పుడు వేరు. ఎండలకెళ్లి బాయి దిగినోనికి కండ్లు కుదురుకునేదాకా క్యాప్‌ల్యాంపు వెలుగు తప్ప ఏం కానరాదని మీకు నేను చెప్పాల్నా? ప్లేటో దాన్ని సరిగ్గనే పట్టుకున్నడు. పట్టుకోనిది ఇంకోటున్నది.

ఏథెన్సుకు అరవై కిలోమీటర్ల లోపే లారియం వెండి గనులు. మనిషి నిటారుగ నిలబడలేని సొరంగాలు, మట్టి దీపాలు, తవ్వేటోళ్లు బానిసలు. క్రీ.పూ. 483ల అక్కడ దొరికిన వెండితోనే ఏథెన్సు యుద్ధనౌకలు కట్టుకున్నది. సోక్రటీసు శిష్యుడు జెనొఫోన్ ఒక లెక్క రాసిపెట్టిండు. నికియస్ అనే సేనాపతి 1000 మంది బానిసలను గనులకు కిరాయికిచ్చిండట, తలకు రోజుకొక ఒబోల్ అనే చిన్న నాణెం. అదే నికియస్ ప్లేటో రాసిన ‘లాకెస్’ అనే సంభాషణల సోక్రటీసు ఎదురుగ కూసోని ధైర్యమంటే ఏందని చర్చ చేస్తడు! ఆ 1000 మంది ఊసు అండ్ల రాదు.

ప్లేటో విమర్శకులంటే ముందు తత్వవేత్త కార్ల్ పాపర్ పేరే వినిపిస్తది. 1945ల ప్లేటోను స్వేచ్ఛా సమాజానికి శత్రువని నిలదీసిండు. ఆయన చూపంతా గద్దె మీద కూసున్నోళ్లను ఎట్ల అదుపుల పెట్టాలన్నకాడనే ఉన్నది. నాకు గ్రీకు విజ్ఞాన చరిత్ర రాసిన బెంజమిన్ ఫారింగ్టన్ మాట దగ్గరనిపిస్తది. చేతిపనిని చిన్నచూపు చూసినకొద్దీ గ్రీకు విజ్ఞానం ఎండిపోయిందంటడు. అరిస్టాటిలైతే బానిసను ప్రాణమున్న పనిముట్టన్నడు. నాడె తనంతట తనే నేస్తే యజమానికి బానిసలతో పనుండదని కూడా ఆయనే అన్నడు. ఆ మాట చదివినప్పుడల్లా సిరిసిల్ల పవర్‌లూములు యాదికొస్తయి. నాడె దానంతటదే ఉరుకుతున్నది, పక్కన మనిషి మాత్రం నిలబడే ఉన్నడు.

అట్లని ఫారింగ్టన్‌ను మొత్తానికి మొత్తం నమ్మేది లేదు. సోక్రటీసు తండ్రి రాతి పనోడు. నాకు తెల్వని సంగతులు చేతిపనోళ్లకు తెలుసని సోక్రటీసు తన మీద జరిగిన విచారణల నిలబడి ఒప్పుకున్నడు. అయితే ఆయన తిరిగింది ఏథెన్సు అంగట్ల. లారియం దాకా పోయి అడిగినట్టు ప్లేటో ఎక్కడా రాయలే.