జాతరలో చలి – పసిబిడ్డ



మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. జనం చెట్ల కింద గుడారాలు వేసుకుంటారు. తెల్లవారుజామున చలి పెడుతుంది. పెద్దలు ఓర్చుకుంటారు. పసిబిడ్డ ఓర్చుకోగలదా?

చలి గాలిలోనే కాదు, నేలలోనూ ఉంటుంది. నేల మీద టార్పాలిన్, దానిపై ఎండుగడ్డి, ఆపైన గొంగడి పరచాలి. జంపన్న వాగులో తడిసిన బట్టలు వెంటనే మార్చాలి. పొడి బట్టలు ఒకదానిపై ఒకటి తొడగాలి. తలకు టోపీ పెట్టాలి. ముఖం మాత్రం కప్పొద్దు.

బిడ్డ పొట్ట తాకి చూడాలి. పొట్ట చల్లగా ఉందా? పాలు తాగడం లేదా? బిడ్డను ఒంటికి హత్తుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

గుడారంలో కుంపటి పెట్టొద్దు. బొగ్గుల నుంచి విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పు బయటే ఉండాలి. పండుకునే ముందు ఆర్పాలి.