సాక్షి సంతకం

(అంబేద్కర్ జయంతినాడు శంషాబాద్ దగ్గరి ఒక పల్లె దళితవాడలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



ఏటేటా ఈనాడు బాబాసాహెబ్ విగ్రహానికి దండలు వేస్తున్నం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన లక్షల మందితోని 22 ప్రతిజ్ఞలు చేయించిండు. అందులో దేవుళ్ల సంగతే కాదు, దొంగతనం చేయను, అబద్ధమాడను, తాగను అన్నవి కూడా ఉన్నయి. ఒకటి గమనించండి. 'మీరు చేయకండి' అని కాదు, 'నేను చేయను' అని చెప్పించిండు.

మన హైదరాబాద్‌లో అంతకు యాభై ఏండ్ల ముందే, 1906లో, భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టిండు. జోగిని ఆచారం పోవాలె, బాల్యవివాహాలు పోవాలె, తాగుడు పోవాలె అని పోరాడిండు. పై కులాలోళ్లు మెచ్చుకునేందుకా? కాదు. మన ఆడబిడ్డ, మన కూలి పైస మనకు దక్కేందుకు.

ఇగ నా ముచ్చట. మా నాయిన జీతగాడు. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ని నేను. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగినయి. ఎయిర్‌పోర్టు కింద ఐదువేల ఎకరాలకు పైగా పోయింది. మిగిలిన భూమికి రేట్లు పెరిగినయి. అప్పటిసంది హోటల్ కాడ ఎవర్ని చూసినా దలారులే.

ఒకనాడు ఒక దలారి నా ఇంటికొచ్చిండు. మా వాడలో ఒక ముసలమ్మకు లావణి పట్టా భూమి ఉన్నది. 'సారూ, తెల్లకాయితం మీద రాసుకుంటం. చదువుకున్నోనివి, నువ్వు సాక్షి సంతకం పెడితే ఆమె నమ్మి వేలిముద్ర వేస్తది' అన్నడు. ఒక కవరు ముందట పెట్టి పోయిండు. అందులో నా మూడు నెలల జీతమంత ఉన్నది.

దాచుడెందుకు, ఆ రాత్రి నిద్ర పట్టలే. బిడ్డ కాలేజీ ఫీజు కట్టాలె. నేను పెట్టకుంటే ఇంకొకడు పెడతడు గదా అనిపించింది. తెల్లారి పోయి కవరు వాపసు ఇచ్చిన. ముసలమ్మకు 1977 చట్టం విడమరిచి చెప్పిన. లావణి భూమి అమ్మినా చెల్లదు, రేపు ఎట్లనన్న పట్టా చేయించుకుంటననే ధీమాతోనే వాడు చౌకగ అడుగుతున్నడు అన్న.

ఆమె అంతా విని, 'నీ నీతికి నెలనెలా జీతమొస్తది సారూ, మా ముసలోని దవాఖాన ఖర్చు ఎవరిస్తరు?' అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలలకు ఇంకో చదువుకున్నోడు సంతకం పెట్టిండు. భూమి పోయింది.

నా చెయ్యి శుభ్రంగనే ఉన్నది. కానీ ఆమె చెయ్యి ఖాళీ అయింది. ఒక్కని నియమం అక్కడికే ఆగితే అది వాని గొప్పకే పనికొస్తది. అందుకే మన సంఘం ముందట రెండు మాటలు పెడుతున్న. చదువుకున్నోళ్లం ఎవ్వరం లావణి భూమి కాయితం మీద సాక్షి సంతకం పెట్టొద్దు. దవాఖానకో, పెండ్లికో ఎవరూ భూమి తెగనమ్మకుండ నెలనెలా తలా కొంత సంఘం డబ్బాల వేయాలె. ఈ నెల నా వంతు వెయ్యి రూపాయలు ఇదిగో. లెక్క ఆడోళ్ల చేతిల ఉండాలె.

జై భీమ్!