శూన్యంలోనే ఆ సూత్రం నిజం



భౌతికశాస్త్రం బోధించేవారూ, తెలుగులో విజ్ఞానం రాసేవారూ ఒకచోట కూర్చున్న ఈ సదస్సుకు అమలాపురంలో అధ్యక్షత వహించడం నాకు గౌరవం. మహీధర వారి ముంగండ ఇక్కడికి దగ్గరే. శాస్త్రాన్ని తెలుగు పాఠకుడికి కథగా చెప్పవచ్చని ‘క్యాలెండర్ కథ’ వంటి పుస్తకాలతో మహీధర నళినీమోహన్ గారు చూపించారు. ఆ దారిని తలచుకుంటూ, ఇంటర్మీడియట్ పాఠంలోని ఒక చిన్న భాగం గురించి మాట్లాడతాను. ఏకరీతి విద్యుత్ క్షేత్రంలో ఆవేశిత కణం ఎలా వేగం పుంజుకుంటుందన్నదే ఆ భాగం.

ఆవేశాన్ని క్షేత్ర తీవ్రతతో గుణించి ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది. ఇది పిల్లలందరికీ కంఠతా వచ్చు. కానీ అంకెలు వేసి చూపిస్తే తప్ప ఆ సూత్రానికి ప్రాణం రాదు.

సెంటీమీటరు ఎడంగా రెండు లోహపు పలకలు పెట్టి, వాటి మధ్య 100 వోల్టులు ఇద్దాం. క్షేత్రం మీటరుకు 10,000 వోల్టులు. రుణ పలక దగ్గర ఎలక్ట్రాన్‌ను వదిలితే దాని త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 1.8 కోట్ల కోట్ల రెట్లు. లెక్కలో బరువును ఎందుకు వదిలేశామని అడిగే విద్యార్థికి ఈ ఒక్క అంకె చాలు. ఎలక్ట్రాన్ 3.4 నానోసెకన్లలో ఎదుటి పలకను తాకుతుంది. అప్పటికి దాని వేగం సెకనుకు దాదాపు 5,900 కిలోమీటర్లు. ధన పలక దగ్గర ప్రోటాన్‌ను వదిలితే దానికి 145 నానోసెకన్లు పడుతుంది, వేగం సెకనుకు 138 కిలోమీటర్లే. అయినా రెండింటి గతిశక్తీ ఒక్కటే: 100 ఎలక్ట్రాన్ వోల్టులు. పలకల ఎడం రెండు సెంటీమీటర్లు చేసి వోల్టేజి అలాగే ఉంచితే క్షేత్రం సగమవుతుంది, ప్రయాణ కాలం రెట్టింపవుతుంది, చేరే వేగం మాత్రం మారదు. క్లాసులో ఇక్కడ కాసేపు ఆగాలని అధ్యాపక మిత్రులను కోరుతున్నాను. బలం, కాలం, దూరం మారినా శక్తి ఎందుకు మారలేదో పిల్లలే తేల్చుకోవాలి.

ఇక నా అసలు మాట. ఈ లెక్కంతా శూన్యంలోనే నిజం. మామూలు గాలిలో ఎలక్ట్రాన్ సుమారు ఒక మైక్రోమీటరు సాగేలోపే ఏదో ఒక అణువును ఢీకొంటుంది. దారి తప్పుతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. అప్పుడు మిగిలేది త్వరణం కాదు, ఒక సగటు వేగం. పలకల మధ్య గాలి తీసేశామన్న సంగతి బొమ్మలో కనిపించదు, చాలాసార్లు వాక్యంలోనూ ఉండదు. పాఠం అక్కడి నుంచే మొదలు కావాలని నా నమ్మకం.

ఆ శూన్యాన్ని సాధించే విద్యకు పుస్తకం రాసినవాడు మన గోదావరి మనిషి. 1896లో భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. యూరప్ వెళ్ళి ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల మీద, లివర్‌పూల్‌లో ఛాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. 1947లో ఆయన ‘హై వాక్యువా’ వెలువడింది. శూన్యాన్ని ఎలా సాధించాలో, ఎలా కొలవాలో చెప్పే గ్రంథమది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశారు. ఆయన పేరు ఈ పాఠం పక్కన మన పిల్లలకు వినిపించాలి.

ఇదంతా ప్రయోగశాలల గొడవ అనుకోనక్కర్లేదు. గ్యాస్ బావులూ, తాటిపాక రిఫైనరీ కోనసీమ పిల్లలు చూస్తూనే ఉన్నారు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన సంగతి పెద్దలు చెప్పగా విన్నారు. చమురు, గ్యాస్ బావుల్లోకి దించే లాగింగ్ పరికరాల్లో ఒక రకం ఉంది. దాని లోపల గాలి తీసేసి మూసిన గొట్టంలో అతి తక్కువ పీడనంతో డ్యుటీరియం వాయువు ఉంటుంది. డ్యుటీరియం అయాన్లను సుమారు లక్ష వోల్టులతో తోసి, ట్రిటియం ఉన్న లక్ష్యం మీద కొడతారు. అక్కడ పుట్టే న్యూట్రాన్లకు 1.41 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అవి ఉక్కు కేసింగ్‌ను దాటి రాతిలోకి పోతాయి. ఉప్పునీటిలోని క్లోరిన్ వాటిని త్వరగా మింగేస్తుంది, హైడ్రోకార్బన్లలో అవి ఎక్కువసేపు బతుకుతాయి. ఆ తేడాను బట్టే రాతిలో ఉన్నది ఉప్పునీరా, చమురా అని అంచనా వేస్తారు. ఆ గొట్టంలో క్షేత్రం ఖచ్చితంగా ఏకరీతిగా ఉండదు. అయినా అయాన్ శక్తి లెక్కకు వోల్టేజి ఒక్కటే చాలు. ఇందాకటి రెండు పలకల పాఠం చెప్పింది అదే.

ఒక లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటీరియం అయాన్ వేగం ఎంతో ఇంటర్ విద్యార్థి కట్టగలడు. సెకనుకు 3,100 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. ఇలాంటి లెక్కలు తెలుగులో, బొమ్మలతో, శూన్యం సంగతి మొదటి వాక్యంలోనే చెబుతూ ఒక చిన్న పుస్తకంగా తేవాలని ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను. రాజోలు, కొత్తపేట, అమలాపురం అధ్యాపకులు తలా కొన్ని లెక్కలు రాస్తే చాలు. మధ్యాహ్నం చర్చలో దీన్ని మొదటి అంశంగా తీసుకోమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.