కాలేజీ సీటుకు కావలసింది సిఫారసు కాదు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన పేటల్లో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న: "ఫలానా కాలేజీలో మనకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" ఆ ప్రశ్నతో మొదలుపెడితే పని జరగదని మనవి చేయడానికే మీ ముందుకు వచ్చాను.

ఇంజనీరింగు వంటి చదువులకు మన రెండు రాష్ట్రాల్లోనూ కన్వీనరు కోటా సీట్లను కౌన్సెలింగులో కంప్యూటరు కేటాయిస్తుంది. దానికి మొహమాటం లేదు, మనిషి ముఖం తెలియదు. అది చూసేవి ర్యాంకు, రిజర్వేషను వర్గం, స్థానికత, మనం ఇచ్చిన ఆప్షన్ల వరుస. ర్యాంకు పిల్లల కష్టం. మిగతావాటిలో పెద్దల బాధ్యత చాలా ఉంది.

మొదట పేరు సంగతి. పదో తరగతి సర్టిఫికెట్టులో 'షేక్', ఆధార్‌లో 'యస్.కె.' అని ఉంటుంది. ఒకచోట 'మహమ్మద్', మరోచోట 'ఎం.డి.' అమ్మాయి పేరు చివర ఒక కాగితంలో 'బేగం', ఇంకొక కాగితంలో 'బీ'. ఇంట్లో మనకు ఆ మనిషి ఒక్కరే. కాగితాలు పరిశీలించే గుమాస్తాకు మాత్రం ఇద్దరు! బిడ్డ పదో తరగతిలో ఉండగానే బడికి వెళ్లి అక్షరం అక్షరం సరిచూసుకోండి. చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్టు తీసి ఒక ఫైలులో పెట్టండి.

రెండవది రిజర్వేషను. 2007 చట్టం ప్రకారం వెనుకబడినవిగా గుర్తించిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం సీట్లున్నాయి. దూదేకుల, నూర్‌బాషా వారు బి.సి.-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వారికి ఆ 4 శాతం వర్తించదు. అయినా నిరాశపడనక్కరలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, మిగతా నిబంధనలకు సరిపోతే, 2019లో వచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు వారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక ప్రతి వర్గంలోనూ మూడోవంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయించారు. ఆమెకు ఉన్న హక్కును "దూరం ఎందుకులే" అని మనమే వదిలేయడం న్యాయమా? హాస్టలు చూసి రండి, వార్డెనుతో మాట్లాడండి, తర్వాత నిర్ణయించండి.

మూడవది ఆప్షన్లు. "మన ర్యాంకుకు అది రాదులే" అని మంచి కాలేజీని కింద రాస్తారు. అది పొరపాటు. కంప్యూటరు మన జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. పెద్ద కాలేజీని పైన రాసినంతమాత్రాన కింద ఉన్నది పోదు. కాబట్టి ఎక్కువ ఇష్టమైనదే ముందు రాయాలి. పక్కింటి అబ్బాయి జాబితాను చూసి రాయకూడదు.

ఇంటర్వ్యూలు చేసే విశ్వవిద్యాలయాలూ, వ్యాసం అడిగే విదేశీ కాలేజీలూ ఉన్నాయి. అక్కడ అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు పనికిరాదు. తండ్రి మెకానిక్ షాపులో లెక్కలు చూసిన కుర్రవాడు, చెల్లెళ్లకు సాయంత్రాలు చదువు చెప్పిన అమ్మాయి, తాము చేసింది, అందులో నేర్చుకున్నది సూటిగా చెబితే వినేవారికి గుర్తుండిపోతుంది. చేయని పనులు చేర్చితే రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్కాలర్‌షిప్పులు, సన్మానాలు మంచివే. వాటితోపాటు ఏటా పరీక్షలకు ముందే, చదువుకున్న మన యువకులూ యువతులూ నాలుగు ఆదివారాలు కూర్చుని పేటలోని పిల్లల కాగితాలు సరిచూడాలి. ఖర్చు టీ నీళ్లకు మించదు. కానీ కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న బిడ్డకు చిన్న కాగితం లేక సీటు పోయిందనే మాట వచ్చే సంవత్సరం మన పేటలో వినబడకూడదు.

సెలవు.