పరాయి దేశంలో బిట్‌కాయిన్ నుంచి నోట్లు

విదేశంలో బ్యాంకు కార్డు పనిచేయకపోతే ఫోన్‌లోని బిట్‌కాయిన్ ఆదుకుంటుందా? కొన్ని చోట్ల ఆదుకుంటుంది. 2013 అక్టోబరులో కెనడాలోని వాంకోవర్‌లో, ఒక కాఫీ దుకాణంలో, బిట్‌కాయిన్ ఏటీఎం మొదలైంది. ఇలాంటి ఏటీఎం తెర మీద కనిపించే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి ఫోన్‌లోని మన వాలెట్ యాప్ నుంచి బిట్‌కాయిన్ పంపాలి. లావాదేవీ ఖరారయ్యాక నోట్లు చేతికొస్తాయి. అందుకు సుమారు 10 నిమిషాలు, రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. అయితే చాలా యంత్రాలు బిట్‌కాయిన్ అమ్ముతాయే తప్ప నగదు ఇవ్వవు. ఈ సంగతి ముందే కనుక్కోవాలి. రుసుమూ బాగా ఎక్కువే. పొరపాటున వేరే చిరునామాకు పంపితే వెనక్కి రప్పించే నాథుడే ఉండడు.

ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌కు డాలరుతో సమానంగా చట్టబద్ధ హోదా ఇచ్చి, డాలర్లిచ్చే యంత్రాలు పెట్టింది. అక్కడ కూడా 2025లో చట్టం మార్చి, బిట్‌కాయిన్ తీసుకోవడం దుకాణదారుల ఇష్టానికే వదిలేశారు. మనవాళ్లు తరచూ వెళ్లే సింగపూర్‌లో 2022 జనవరిలోనే ఈ యంత్రాలు మూతపడ్డాయి. మన దేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉందనీ మరవకండి.

అందుకే బిట్‌కాయిన్‌ను ఆఖరి ఆసరాగానే ఉంచుకోండి. రెండు బ్యాంకుల కార్డులు, కొంత విదేశీ నగదు వేర్వేరు చోట్ల పెట్టుకుని బయలుదేరండి.