మంచుదేశపు మనుష్యులు - మతబోధకుల పుస్తకములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి రుచి ఇంకను నాలుకమీదనే ఉన్నది, ఎండ నడినెత్తికి వచ్చినది. ఈ వేళ మేము గ్రీన్లాండును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కార్యదర్శిగారు మాత్రము విషయము విని, "చల్లగానే ఉండునులెండి, కానిండు" అన్నారు.

మనలో తరంగంబాడి చూచినవారు చాలమంది ఉన్నారు. సముద్రపుటొడ్డున డేనుల కోట నేటికిని నిలిచియున్నది. 1706లో డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా ఇద్దరు జర్మను మతబోధకులు అక్కడ దిగినారు. అదే రాజు ఏలుబడిలో, 1721లో, హాన్స్ ఎగెడె అను నార్వే మతగురువు భార్యాబిడ్డలతో గ్రీన్లాండు చేరినాడు. 1714లో కోపెన్‌హేగెన్‌లో ఏర్పడిన మిషను కార్యాలయమునకే ఇటు తరంగంబాడి జాబులును, అటు గ్రీన్లాండు జాబులును పోవుచుండెను. ఒకే బల్లమీద మన ఎండయు వారి మంచును చేరెనన్నమాట.

ఎగెడె వెదుకబోయినది ఒకటి, దొరికినది మరియొకటి. పూర్వము అక్కడ కాపురముండిన నార్వే జాతివారి సంతతి ఇంకను మిగిలి ఉన్నదని తలచి, వారికి బోధ చేయవలెనని ఆయన బయలుదేరినాడు. వారిలో ఒక్కరును కనబడలేదు. సీలు జంతువుల వేటమీద బ్రతుకు స్థానికులు కనబడినారు. వారిని లోకము ఎస్కిమోలన్నది, వారు తమను కలాల్లిట్ అని చెప్పుకొందురు. వారికి బోధించుటకు ముందుగా వారి మాట రావలెను. పెద్దవాడైన ఎగెడెకు అది సరిగా పట్టుబడలేదు. ఆయన పిల్లలకు మాత్రము అక్కడి పిల్లలతో ఆడుకొనుచుండగానే వచ్చినది. ఈ సంగతి మన ఇండ్లలో ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు! ఆ పిల్లలలో పెద్దవాడు పాల్ 1750లో నిఘంటువును, 1760లో వ్యాకరణమును, 1766లో కొత్త నిబంధన అనువాదమును అచ్చువేయించినాడు. అనువాదమున ఆయనకు తోడ్పడినవారిలో ఆర్నర్సాక్ అను గ్రీన్లాండు స్త్రీ ఒకరు.

తండ్రి 1741లో ప్రకటించిన గ్రీన్లాండు వర్ణన 1745లో ఇంగ్లీషులోనికి వచ్చినది. తోలుపడవలు, వేట, వివాహములు, వైద్యము, అన్నియు అందులో ఉన్నవి. ఆ పుస్తకము చదివియే కాబోలు, లండనులో శామ్యూల్ జాన్సను 1751లో తన పత్రికలో ఒక గ్రీన్లాండు ప్రేమకథ అల్లినాడు. ఆయన ఆ దేశము ముఖము చూడలేదు. ఐరోపాలో చదువుకొన్న వారికి గ్రీన్లాండు మనిషి ఈ విధముగనే పరిచయమైనాడు: మతబోధకుడు చూచినది వ్రాసినాడు, కవి ఊహించినది కలిపినాడు.

వీనిలో మిక్కిలి రసవంతమైనది డేవిడ్ క్రాంజ్ వ్రాసిన చరిత్ర. మొరేవియను మతబోధకులు 1733 నుండి అక్కడ ఉండిరి. క్రాంజ్ 1761-62లో వారియొద్ద ఒక ఏడాది గడపి, 1765లో జర్మను భాషలో పుస్తకము వెలువరించినాడు. రెండేండ్లలో అది ఇంగ్లీషులోనికి పోయినది. అందులో మాకు నచ్చిన ఘట్టమొకటి ఉన్నది. ఇద్దరికి తగవు వచ్చినచో వారు కత్తులు దూయరు. జనము నడుమ డప్పు వాయించుచు ఒకరిపై ఒకరు ఎగతాళి పాటలు పాడుదురు. నవ్వించి చివరిమాట దక్కించుకొన్నవాడు గెలిచినట్లు. మన సవాలు-జవాబుల వంటిదే, కాని ఇది న్యాయస్థానముకూడ. దీనిని ఇంత చక్కగా వ్రాసి అందించిన ఆ బోధకులే డప్పును పాపమని మాన్పింపజూచినారు. మంత్రవేత్తలైన అంగక్కులను వంచకులని వ్రాసినారు. చందాలిచ్చు భక్తుల కొరకు వ్రాయు జాబులో బాప్తిస్మమునకు ముందు చీకటి, తరువాత వెలుగు ఉండితీరవలెను గదా! అట్లని ఆ పుస్తకములను పారవేయుదమా? అవి లేనిచో ఆ డప్పు చప్పుడు మనదాక రాదు. చదువునపుడు వ్రాసినవాని కోరిక ఏదో కనిపెట్టుచు చదువవలెనని మా అభిప్రాయము.

ఇట్టి అనుభవము మన భాషకును ఉన్నది. తరంగంబాడికి వచ్చి పిమ్మట మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి వ్యాకరణము వ్రాసినాడు. 1746 ప్రాంతమున జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకములు అచ్చువేయించినాడు. ఆయన చెవినిబడిన తెలుగు మద్రాసు తెలుగు, అనగా మనవంటి వారి తెలుగు. ఆ పుస్తకములు మతబోధ కొరకే, అయినను తొలి తెలుగు అచ్చు అదియే.

మరల మంచుదేశమునకు పోదము. 1814లో గ్రీన్లాండులోనే పుట్టిన బోధకుల బిడ్డ శామ్యూల్ క్లైన్‌ష్మిట్ 1851లో ఒక వ్యాకరణము ప్రకటించినాడు. వాక్యమంత పొడవున సాగు ఆ పదములను లాటిను అచ్చులో కుక్కక, ఆ భాష నడకనుబట్టియే వివరించినాడు. ఆయన ఏర్పరచిన వ్రాతపద్ధతి 1973 వరకు చెల్లినది. ఆ అక్షరములను పట్టుకొని కలాల్లిట్ తమ మాట తామే వ్రాయసాగినారు. 1861లో వారి భాషలో అతుఅగగ్ద్లియుతిత్ అను పత్రిక పుట్టినది. 2009లో వారి భాష అక్కడ అధికారభాష అయినది.

1858లో హిన్రిక్ రింక్ అను డేనిష్ అధికారి, పూర్వకథలు వ్రాసి పంపుడని జనమునకు పిలుపిచ్చినాడు. మొరేవియను సమాజములోని వేటగాడు, కాంగెక్ నివాసి ఆరోన్, క్షయరోగముతో మంచముపట్టియుండి కథలు వ్రాసినాడు, రంగులతో బొమ్మలు వేసినాడు. నార్వేవారితో తమ పూర్వుల పోరాటములు, బోధకులు వంచకులన్న అంగక్కుల ప్రయాణములు, అన్నియు అందులో ఉన్నవి. ఆయన 1869లో మరణించినాడు. బొమ్మలు చిరకాలము డెన్మార్కులో ఉండినవి. 1982లో అవి ఓడ దాటి గ్రీన్లాండునకు తిరిగి వచ్చినవి.